కత్తెర మాస్టారి గుండె లెక్క

ఆ వీధిలో తల ఉన్న ప్రతివాడూ ఏదో ఒకనాడు కత్తెర మాస్టారి ముందు దాన్ని వంచినవాడే. ఈ మాట మాస్టారే చెప్పుకునేవారు. చెప్పి, ఎదుటివాడు తెలియకుండానే తన తల తడుముకునే దాకా ఆగి, అప్పుడు మీసంలో నవ్వుకునేవారు.

ఆయన చదివింది పల్లె బడిలో, ఐదో తరగతి వరకు. ఎక్కాలు కింది నుంచి పైకి అప్పజెప్పిన మొదటి పిల్లాడు ఆ బడిలో తానేనట. మీసం మొలవకముందే పట్నం చేరి, ఒక కటింగ్ షాపులో అద్దాలు తుడిచే పనికి కుదిరారు. అద్దాల నుంచి బ్రష్షుకు, బ్రష్షు నుంచి దువ్వెనకు, దువ్వెన నుంచి కత్తెరకు ఎదిగి, చివరికి కిటికీ పక్కనున్న మొదటి కుర్చీకి యజమాని అయ్యారు. ఆ తర్వాత సాధించినవి వినాలంటే గడ్డం గీయించుకునే సమయం చాలదు, జుట్టు కూడా కత్తిరించుకోవాలి. ఒళ్లో నిద్రపోతున్న పసివాడికి నిద్ర చెడకుండా క్రాపు చేశారు. సగం తల అయ్యాక కరెంటు పోతే మిగతా సగం చీకట్లో చేత్తో తడిమి పూర్తి చేశారు. కరెంటు వచ్చాక చూస్తే చీకట్లో చేసిన సగమే బాగుందన్నారు జనం. సూదిమందు అంటే చిన్నపిల్లాడిలా ఏడ్చే ఒక వస్తాదు, ఆయన కత్తి కింద గుర్రు పెట్టి నిద్రపోయాడు. పట్నంలో ఎక్కడ మంచి కటింగ్ కనిపించినా, "వాడు నా శిష్యుడే" అనేవారు. వంకర కటింగ్ కనిపిస్తే, "వాడు మధ్యలో మానేసిన శిష్యుడు" అనేవారు.

అన్నిటికన్నా పెద్ద గొప్ప ఒకటుంది. కత్తి పట్టిన ఇన్నేళ్లలో తన చెయ్యి వణకలేదని, గుండె తొందరపడలేదని.

"గుండె తొందరపడితే చెయ్యి తొందరపడుతుంది. చెయ్యి తొందరపడితే చెవి పోతుంది. ఇప్పటిదాకా ఈ షాపులో ఎవడైనా చెవి మర్చిపోయి వెళ్లాడా?" అని అడిగేవారు.

షాపు కింద, ఇల్లు మూడో అంతస్తులో. ఒక మధ్యాహ్నం భోజనానికి పైకి వెళుతూ మాస్టారు రెండో అంతస్తు దగ్గర మెట్ల మీద కూర్చుండిపోయారు. ఆలస్యమైందని కిందికి దిగి వచ్చిన భార్య చూసింది.

"ఏమండీ, మెట్లకు కూడా కటింగ్ చేస్తున్నారా?"

"చల్లగా ఉందని కూర్చున్నానే."

"చల్లగా ఉంటే ఆ చెమటలేంటి?"

ఆ సంగతి సాయంత్రానికల్లా కూతురికి చేరింది. షాపు ఇప్పుడు నడిపేది కూతురే. తండ్రి దగ్గరే పని నేర్చుకుంది. కత్తెర పట్టుకుంటే తండ్రే, నోరు తెరిస్తే తల్లి. మర్నాడు తండ్రిని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. పరీక్షలన్నీ చేసి, కంగారు పడాల్సిందేమీ లేదంది డాక్టరమ్మ. కాకపోతే ఈ వయసులో గుండె ఎప్పుడు ఎంత కొట్టుకుంటోందో కొన్నాళ్లు గమనించమంది. మెట్లెక్కినా, కోపమొచ్చినా, వేడి నీళ్లు పోసుకున్నా పెరగడం మామూలే, కాసేపు కూర్చుంటే దిగిరావాలి. నిలబడి చేసే తేలికపాటి పనికే నూట యాభై దాకా పోతుంటే మాత్రం ఒకసారి వచ్చి కనపడమంది. ఆటో ఎక్కేసరికి "వచ్చి కనపడమంది" అన్నది కూతురి నోట్లో "పని మానమంది"గా మారిపోయింది.

"ఒక్క వారం చూస్తా నాన్నా. షాపులో నీ గుండె నూట యాభై కొట్టిందంటే కత్తెర నా చేతికిచ్చేసి గల్లాపెట్టె దగ్గర కూర్చోవాలి. ఒప్పుకుంటావా?"

"నా గుండెకు నూట యాభైతో ఏం పని? పెట్టు పందెం" అన్నారు మాస్టారు.

అలా ఆయన చేతికి గుండె లెక్కపెట్టే వాచీ వచ్చింది. కూతురు ఎడమచేతికి పెట్టబోతే ఒప్పుకోలేదు.

"పని చేసేది కుడిచెయ్యి, గౌరవమూ దానికే దక్కాలి. పైగా అద్దంలో చూసేవాళ్లకు కనపడద్దూ?" అన్నారు. పట్టీ బిగిస్తే చర్మం మీద అచ్చు పడుతోందని వదులు చేసుకున్నారు. వాచీ మణికట్టు మీద గాజులా జారుతుండేది. దానికి జతగా ఒక ఫోను ఆయన జేబులో ఉండాలి. అక్కడి నుంచి అంకెలు కూతురి ఫోనుకు చేరేవి.

మొదటిరోజు పొద్దున మాస్టారికి పిల్లాడికి కొత్త బొమ్మ దొరికినట్టయింది. మంచం మీద పడుకుని చూస్తే అరవై ఆరు. లేచి నిలబడితే ఎనభై. "లేస్తేనే పద్నాలుగు లాభం" అనుకున్నారు. టీ తాగి చూశారు, తుమ్మి చూశారు, మెట్లు దిగి ఎక్కి చూశారు. మెట్ల మీద నూట పదిహేను అయింది. కుర్చీలో కూర్చుంటే మెల్లమెల్లగా దిగుతూ వచ్చింది. ఆ దిగడం చూస్తూ కూర్చోవడం ఆయనకు భలే నచ్చింది. తర్వాత వంటింట్లోకి వెళ్లి భార్య ఎదురుగా నిలబడ్డారు.

"ఏంటలా చూస్తున్నారు?"

"నిన్ను చూస్తే ఎంత పెరుగుతుందోనని."

"ఎంత పెరిగింది?"

"రెండు తగ్గింది."

భార్య చేతిలోని గరిట పైకి లేచింది. వాచీ వెంటనే తొంభై ఎనిమిది చూపించింది. "అదుగో, పెరిగింది పెరిగింది!" అంటూ మాస్టారు చెప్పులు వెతుక్కున్నారు.

ఈ ఆనందమంతా షాపు తలుపు దాకానే. మొదటి కుర్చీలో మొదటి మనిషి కూర్చున్నాడు. మాస్టారు గుడ్డ కప్పి, కత్తెర తీసుకున్నారు. ఆయన కత్తెరది ఒక అలవాటు. జుట్టు దొరికినా దొరక్కపోయినా కదులుతూనే ఉంటుంది. రెండు కోతల మధ్య గాలిని కూడా కత్తిరిస్తుంది. కచకచకచమని ఆ చప్పుడు వినపడుతుంటేనే కుర్చీలోవాడికి కళ్లు మూతలు పడతాయి. అలా సగం క్రాపు అయిందో లేదో, పక్క కుర్చీ దగ్గరున్న కూతురి ఫోను కీచుమంది.

"నాన్నా! నూట నలభై ఎనిమిది!"

"నీ ఫోనుకు జ్వరమొచ్చిందేమో చూడమ్మా."

రెండో మనిషికి నూట యాభై రెండు. మూడో మనిషికి నూట యాభై. ఆయాసం లేదు, చెమట లేదు, నోట్లో వస్తాదు కథ మధ్యలో ఉంది. అయినా అంకె అక్కడే నిలబడింది. కూతురు వచ్చి మెల్లగా ఆయన వేళ్లలోంచి కత్తెర తీసుకుంది. ఆమె కళ్లలో నీళ్లు చూశాక మాస్టారికి ఇక వాదించే ఓపిక లేకపోయింది. పందెం తానే ఒప్పుకున్నారాయె. తల వంచుకుని వెళ్లి గల్లాపెట్టె వెనక కూర్చున్నారు.

మర్నాడు వచ్చినవాళ్లు వచ్చినట్టే అడిగారు. "ఏంటి మాస్టారూ, ఇవాళ కుర్చీ మార్చారు?" అని ఒకడు. "ప్రమోషనా?" అని ఇంకొకడు. మాస్టారు చిల్లర లెక్కపెట్టి ఇచ్చారే గాని ఒక్క ఘనత కూడా చెప్పలేదు. అన్నిటికన్నా లోపల గుచ్చుకున్నది వేరే ఉంది. తొందరపడదని ఇన్నేళ్లు ఊరందరికీ చెప్పుకున్న గుండె, కత్తెర పట్టుకున్న ప్రతిసారీ ఇలాగే పరుగు తీస్తూ వచ్చిందా? అంటే కత్తెరంటే తనకు లోపల భయమా? ఈ అనుమానం ఎవరికీ చెప్పుకునేది కాదు.

చెప్పకపోయినా పసిగట్టే మనిషి ఒకడు ఆ షాపులో ఉన్నాడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాడు. రోజూ పొద్దున్నే వచ్చి, బల్ల మీద కూర్చుని, షాపు పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి వెళతాడు. ఎన్నో ఏళ్లుగా వస్తున్నాడు గాని, ఆ షాపులో ఒక్కసారి కూడా గడ్డం గీయించుకోలేదు. ఇంట్లో తనే గీసుకుని, తెగినచోటల్లా పేపరు ముక్కలు అతికించుకుని వచ్చి కూర్చుంటాడు. అడిగితే, "డబ్బు దండగ మాస్టారూ" అంటాడు. జుట్టు మాత్రం మాస్టారి చేతే కత్తిరించుకుంటాడు, అదీ మెడ మీద కత్తి పెట్టొద్దనే షరతు మీద. పిసినారితనంలో ఇదొక రకం కాబోలని మాస్టారు ఎన్నడో వదిలేశారు.

"మొహం అలా వేలాడేశారేంటి? స్టాపులో దిగాల్సినవాణ్ణి డిపోకు తీసుకుపోయినట్టుంది" అన్నాడు కండక్టరు.

మాస్టారు అతణ్ణి పైనుంచి కిందికి చూశారు. బల్ల మీద కదలకుండా, చీకూ చింతా లేకుండా కూర్చునే మనిషి. ఆయన బుర్రలో దీపం వెలిగింది.

"ఏమయ్యా కండక్టరూ, నీ గుండె ఎలా ఉంటుంది?"

"నా గుండెకేం? రాయి. టికెట్ కొనని ముసలాయన్ని కూడా దింపేసిన గుండె."

"ఆ రాయి నాకు ఒక పూట అరువియ్యవయ్యా."

మధ్యాహ్నం కూతురు బ్లేళ్లు, తువ్వాళ్లు కొనడానికి బజారుకు వెళ్లింది. వెళుతూ, "గల్లా దగ్గర్నుంచి లేవద్దు నాన్నా. ఫోను నా చేతిలోనే ఉంటుంది" అని వేలు చూపించింది. ఆమె వీధి మలుపు తిరగడం ఆలస్యం, వాచీ కండక్టరు చేతికి, జత ఫోను కండక్టరు జేబులోకి, కత్తెర మాస్టారి వేళ్లలోకి మారిపోయాయి. ఒక గంట స్వర్గంలా గడిచింది. బల్ల మీద కండక్టరు పేపరు చదువుతుంటే, బజారులో కూతురి ఫోను డెబ్బై, డెబ్బై రెండు అని చూపిస్తోంది. ఇక్కడ మాస్టారు ముగ్గురికి క్రాపు చేసి, నాలుగు ఘనతలు చెప్పారు.

షాపు ఖాళీ అయింది. సంతోషం పట్టలేక మాస్టారికి దానబుద్ధి పుట్టింది.

"కండక్టరూ, లేచి రా. కుర్చీలో కూర్చో. ఇంత సాయం చేశావు, నీకు గడ్డం గీస్తాను."

"అయ్యో, ఎందుకు మాస్టారూ, డబ్బు దండగ..."

"డబ్బు తీసుకుంటే గదా దండగ! ఉచితం!"

ఇన్నేళ్లుగా కండక్టరు చెబుతున్న సాకు ఒక్క మాటతో ఊడిపోయింది, చేతిలో ఇంకొకటి సిద్ధంగా లేదు. వచ్చి కూర్చున్నాడు. మాస్టారు వెచ్చటి నీళ్లు చల్లి, బ్రష్షుతో నురగ పట్టించి, కత్తి తెరిచి, తోలుపట్టీ మీద ఇటూ అటూ నూరారు. ఆ చప్పుడుకు కండక్టరు కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

అవతల బజారులో, తువ్వాళ్ల దుకాణంలో బేరం మధ్యలో ఉన్న కూతురి ఫోను మోగడం మొదలుపెట్టింది. నూట పది. నూట ఇరవై. నూట ముప్ఫై ఎనిమిది. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషికి! తువ్వాళ్లు అక్కడే పడేసి ఆటో ఎక్కింది. దారిలో ఉండగా అంకె కాస్త దిగింది, మళ్లీ ఎక్కింది. ఆమె షాపులోకి దూసుకొచ్చేసరికి కండక్టరు ఒక చెంప నున్నగా, ఇంకో చెంప నురగతో, కుర్చీ చేతులు పట్టుకుని వేలాడుతున్నట్టు కూర్చున్నాడు. మాస్టారు కత్తి పట్టుకుని ఉన్నారు. గుడ్డ కింద నుంచి బయటికొచ్చిన కండక్టరు చేతికి వాచీ ఉంది.

కూతురు చూపు ఆ వాచీ మీంచి తండ్రి మీదికి జరిగింది.

"నాన్నా."

"అమ్మా."

"నీ చెయ్యి మారిందేంటి?"

"వాచీకి కాస్త మార్పు ఉంటుందని..." అని నసిగారు మాస్టారు.

కూతురు ఉన్నచోటే బల్ల మీద కూలబడి, ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేసింది. "నీకు ఏమైందోనని సగం చచ్చి వచ్చాను నాన్నా! ఇప్పుడు నా చేతికి పెట్టి చూడు ఎంతుందో!"

ఆ మాటకు మాస్టారి తల కిందికి వాలింది. కత్తి మడిచి పక్కన పెట్టారు. తప్పించుకునే దారి వెతుకుతున్న ఆయన కళ్లు ఉన్నట్టుండి కండక్టరు మీద పడ్డాయి.

"ఉండమ్మా. ఇంతకీ నూట ముప్ఫై ఎనిమిది కొట్టింది ఇతని గుండే కదా? ఏమయ్యా రాయీ, కుర్చీలో కూర్చున్నవాడికి అంత వేగం ఎందుకొచ్చింది?"

కండక్టరు నురగ చెంప తుడుచుకోబోయి ఆగాడు. "చిన్నప్పుడు మా మేనమామ నవ్విస్తూ గుండు గీశాడు మాస్టారూ, చెవి కింద తెగింది. అప్పట్నుంచి కత్తి చూస్తే..."

"నా కత్తికా? ఇన్నేళ్లూ నా కత్తికి భయపడా, ఆ పేపరు ముక్కల వేషం?"

"మీ కత్తికని కాదు. కత్తికి."

"మరి పిసినారివనుకున్నాను కదయ్యా!"

"అనుకోనివ్వండి. పిరికివాడనుకోవడం కన్నా అదే నయం కదా."

వీళ్లు ఇలా కీచులాడుకుంటుంటే కూతురు ఫోనులో గీతలు పైకీ కిందికీ జరుపుతూ చూస్తోంది. గుండె వేగాన్ని ఆ ఫోను గీతలా గీసి చూపిస్తుంది.

"నాన్నా, ఇటు రా. ఇదుగో, నిన్న పొద్దున నువ్వు మెట్లెక్కింది. ఎలా ఉంది?"

"గుట్టలా ఉంది. ఎక్కింది, మెల్లగా దిగింది."

"ఇది ఇవాళ కండక్టరు బాబాయి భయం. ఇదీ గుట్టే. కత్తి తీశాక కూడా ఒక్కసారిగా తగ్గలేదు, కాస్త కాస్తగా దిగింది. ఇప్పుడు ఇది చూడు, నిన్న నువ్వు కటింగ్ చేసింది."

మాస్టారు కళ్లజోడు సవరించుకుని చూశారు. అది గుట్ట కాదు, గోడ. కత్తెర తీసుకోగానే నిట్టనిలువుగా లేచింది. కత్తెర కింద పెట్టగానే నిట్టనిలువుగా కూలింది. మళ్లీ లేచింది, మళ్లీ కూలింది.

"ఏ గుండైనా స్విచ్చు నొక్కినట్టు ఆగుతుందా నాన్నా? ఇది గుండెలా లేదు. వాచీ మళ్లీ కుడిచేతికి పెట్టుకో, అలాగే వదులుగా. ఆ రెండో కుర్చీలో హాయిగా కూర్చుని, ఊరికే కత్తెర ఆడించు."

మాస్టారు కూర్చున్నారు. ఎవరి తలా లేదు, ఎదురుగా అద్దం మాత్రమే. కచకచకచమని గాలికి క్రాపు మొదలుపెట్టారు. వాచీ ఎనభై దగ్గర కాసేపు తటపటాయించి, నూట యాభైకి దూకింది. కూతురు రెండు వేళ్లు ఆయన మెడ పక్కన ఆనించి, గోడగడియారం చూస్తూ లెక్కపెట్టింది.

"ఎనభై రెండు" అంది. "కాస్త నెమ్మదిగా ఆడించు."

కచ... కచ... కచ. వాచీ అంకె కూడా కత్తెర వెంటే కిందికి వచ్చింది. వేళ్ల కింద నాడి మాత్రం ఎనభై రెండు దగ్గరే నింపాదిగా ఉంది.

"నాన్నా, ఇది లెక్కపెట్టింది నీ గుండెను కాదు. నీ కత్తెరను! వదులు పట్టీ వల్ల చెయ్యి అదిరిన లెక్కంతా గుండె పద్దులో రాసేసింది."

"అలాగైతే నేను టికెట్లు చింపినంతసేపూ నా గుండె మూడు వందలు కొట్టి ఉండాలి" అన్నాడు కండక్టరు, సగం నురగతో.

మాస్టారు కుర్చీలోంచి లేవలేదు. అద్దంలో తన మొహం చూసుకుంటున్నారు. ఒక పగలూ ఒక రాత్రీ మోసిన బరువు దిగిపోవడం ఆ అద్దంలోనే కనిపించింది. ముందు మీసం కదిలింది, తర్వాత భుజాలు నిటారయ్యాయి, ఆ తర్వాత నోరు తెరుచుకుంది.

"అంటే అమ్మా... నా కత్తెర నిమిషానికి నూట యాభై సార్లు ఆడుతుందన్నమాట. ఈ వయసులో!"

"నాన్నా..."

"వాచీయే చెప్పింది! మిషనే ఒప్పుకుంది! నూట యాభై రెండు కూడా వచ్చిందన్నావు కదా, ఆ మనిషి ఎవరు? వాణ్ణి పిలిపించు, వాడికి తెలియాలి తన తల మీద ఏం జరిగిందో!"

కూతురు మాటకు లొంగలేదు. వాచీని ఎడమచేతికి మార్చి, మణికట్టు ఎముకకు కాస్త పైన, అచ్చు పడేంత బిగించింది. "అచ్చు పడితే పడనీ. ఇప్పుడు నిజంగా పని చేసి చూపించు. బాగుంటే కుర్చీ నీది. బాగా లేకపోతే రేపు మళ్లీ డాక్టరమ్మ దగ్గరికే. ఇంకో సంగతి. మనిషికీ మనిషికీ మధ్య కాసేపు కూర్చోవాలి. మెట్ల మీద కూర్చున్నది మాత్రం వాచీ తప్పు కాదు."

ఆ చివరి మాటకు మాస్టారు తలూపారు. "కూర్చుంటానమ్మా. మూడో అంతస్తుకు రెండుసార్లు ఆగి ఎక్కుతాను. సరేనా?"

"సరే. మరి పని ఎవరికి చేస్తావు? షాపులో ఎవరూ లేరే."

ముగ్గురి చూపులూ ఒకేసారి ఎండిపోతున్న నురగ మీదికి మళ్లాయి.

"అమ్మాయ్, ఒక చెంప చాలు, అలవాటైపోతుంది" అన్నాడు కండక్టరు, కుర్చీలోంచి సగం లేస్తూ.

"కూర్చోవయ్యా. సగం గడ్డంతో వీధిలోకి వెళితే అది ఎవరి పనని చెప్పుకుంటారు జనం? నాకు పరువు లేదా?" మాస్టారు మళ్లీ వెచ్చటి నీళ్లు చల్లారు. తాజాగా నురగ పట్టించారు. ఈసారి కత్తిని అతని కళ్లముందు నూరలేదు. వెనక్కి తిరిగి, తోలుపట్టీ చప్పుడు వినపడకుండా వస్తాదు కథ గట్టిగా మొదలుపెట్టారు. "సూదిమందుకు ఏడ్చే వస్తాదయ్యా, వాడి మెడ చూస్తే నీ నడుమంత. వాడేం చేశాడంటే..."

కూతురు పక్కన నిలబడి ఫోను చూస్తోంది. ఎనభై నాలుగు. ఎనభై ఏడు. చెవి కింద మలుపు దగ్గర తొంభై ఒకటి. మాస్టారు ఊపిరి బిగబట్టి, వేలితో చర్మం లాగి, ఒక్క గీతలో దిగారు. ఎనభై ఎనిమిది. వస్తాదు గుర్రు పెట్టే చోటికి కథ చేరేసరికి రెండో చెంప కూడా అయిపోయింది. పటిక రాసి, తువ్వాలుతో అద్ది, మాస్టారు అద్దం పట్టి చూపించారు. కండక్టరు ముందు ఒక కన్ను తెరిచాడు, తర్వాత రెండోది. చెవి ఉందో లేదో తడిమి చూసుకున్నాడు.

"కుర్చీ నీదే నాన్నా" అంది కూతురు.

కత్తి కింద ఉన్నంతసేపూ కండక్టరు గుండె ఎంత కొట్టుకుందో ఆ రోజు ఎవరికీ తెలియలేదు, వాచీ అతని చేతికి లేదు కదా. "హాయిగా నిద్రపట్టింది మాస్టారూ" అని అతను వీధిలో అందరితోనూ చెప్పుకున్నాడు. మొదటి కుర్చీ చేతుల మీది రెక్సిను మాత్రం రెండు పక్కలా గోళ్లు దిగి చిరిగిపోయింది. కూతురు దానికి కొత్త రెక్సిను వేయిస్తానంటే మాస్టారు ససేమిరా ఒప్పుకోలేదు. వచ్చినవాళ్లకు ఆ చిరుగులు చూపించి, కండక్టరు గడ్డం గీసిన ఘనత చెప్పడం ఆయనకు ఇప్పుడు కొత్త పని.